చిన్న గొట్టం మూసుకుంటే ఇంజనుకే ఎసరు

కారు బానెట్టు ఎత్తితే ఇంజను ఒళ్ళంతా జిడ్డు. రాత్రి నిలిపిన చోట తెల్లవారేసరికి నేలమీద నాలుగు నల్లటి చుక్కలు. ఆయిలు మార్చి నెల తిరగకముందే మళ్ళీ లీటరు పోయవలసి వస్తున్నది. కాలువ వంతెన ఎక్కేటప్పుడు బండి మునుపటిలా లాగడం లేదు. బంకులో కొట్టించిన పెట్రోలు కూడా మునుపటి దూరం రావడం లేదు.

ఈ లక్షణాలతో బండి షెడ్డుకు చేరితే అక్కడ జరిగే సంభాషణ చాలా ఊళ్ళలో ఒకే మాదిరిగా ఉంటుంది.

"ఏం మేస్త్రీ, ఏమిటంటావ్ దీని సంగతి?"

"ఇంకేముంది బాబాయ్, రింగులు పోయాయి. ఇంజను దించి బోరు చేయించాల్సిందే."

బాబాయికి గుండె గుభేలుమంటుంది. బోరు అంటే మాటలా? కొత్త పిస్టన్లు, రింగులు, బేరింగులు, ప్యాకింగులు, విజయవాడ ఆటోనగరుకు రానుపోను ఛార్జీలు, వారం పది రోజులు బండి లేకపోవడం. ధాన్యం డబ్బో, పాల డబ్బో వేలకు వేలు అటే పోతుంది. మేస్త్రీ చెప్పినది నిజమే కావచ్చు. కాని ఇంజను దించే ముందు చూడవలసిన వస్తువు ఒకటున్నది. అది బొటనవేలు లావు గొట్టం. పేరు బ్రీదరు. ఇంజను కడుపులో చేరిన గాలి బయటికి పోయే దారి అదే. అది మూసుకుపోయినా ఆయిలు కారుతుంది, జిడ్డు కడుతుంది, పొగ వస్తుంది. రింగులు పోయిన ఇంజనుకు ఉండే లక్షణాలన్నీ ఇంచుమించు దీనికీ ఉంటాయి. ఒకదానికి మందు వేల రూపాయలు, రెండవదానికి సీసాడు కిరసనాయిలు, ఒక గుడ్డపేలిక, మహా అయితే కొత్త గొట్టం.

కడుపులోకి గాలి ఎలా వచ్చింది?

ఇంజనులో పైన సిలిండరు, అందులో పైకీ క్రిందికీ ఆడే పిస్టను ఉంటాయి. పిస్టను క్రింద క్రాంకు తిరిగే గది, దాని అడుగున ఆయిలు నిలిచే చాంబరు ఉంటాయి. పెట్రోలు మండేది పిస్టను పైభాగాన. ఆ మంట ఒత్తిడి క్రిందికి దిగకుండా పిస్టను చుట్టూ రింగులు కాపలా కాస్తాయి. అయితే ఎంత కొత్త ఇంజనైనా, ఎంత మంచి రింగులైనా కాపలా నూటికి నూరుపాళ్ళు సాగదు. రింగుకు రెండు కొసలుంటాయి, వాటి మధ్య సన్నని సందు తప్పదు. ఆ సందుల గుండా ప్రతి పేలుడుకూ కొంత గాలి క్రింది గదిలోకి జారుతుంది. దీన్నే షెడ్లలో బ్యాక్ కంప్రెషను అంటారు.

జారేది ఉత్త గాలి కాదు. పెట్రోలు ఇంజనులో అందులో ఎక్కువ భాగం ఇంకా మండని పెట్రోలు ఆవిరి, గాలి కలిసిన మిశ్రమమే. మిగతాది మండిన పొగ, మసి, నీటి ఆవిరి. నీరెక్కడిదని అనుమానం రావచ్చు. లీటరు పెట్రోలు పూర్తిగా మండితే ఇంచుమించు లీటరు నీరు పుడుతుంది. దాదాపు అంతా సైలెన్సరు దారిన ఆవిరిగా పోతుంది కనుక మనకు కనిపించదు. చలికాలం ఉదయం కారు స్టార్టు చేసినప్పుడు సైలెన్సరు కొస నుంచి కారే చుక్కలు అవే. అందులో కొంచెం క్రింది గదిలోకి కూడా దిగుతుంది. అక్కడి ఆయిలుతో కలిసి, చల్లబడి, తెల్లని మీగడలా తయారవుతుంది. మసి తోడైతే అదే నల్లని బురద.

ఈ సరుకంతా ఎప్పటికప్పుడు బయటికి పోవాలి. పోయే దారి బ్రీదరు. దారి మూసుకుంటే లోపల ఒత్తిడి పెరుగుతుంది. పెరిగిన ఒత్తిడి ఊరుకోదు, ఎక్కడ సందు దొరికితే అక్కడ ఆయిలును తోసుకుని వెళ్తుంది. క్రాంకు కొసనున్న ఆయిలు సీలు, టాపెట్ కవరు ప్యాకింగు, ఆయిలు గేజి దూర్చే రంధ్రం, ఏది బలహీనంగా ఉంటే అది లొంగుతుంది. మేస్త్రీ కొత్త సీలు వేస్తాడు. పదిహేను రోజులకు అదీ కారుతుంది. సీలు నాసిరకమని ఇంకొకటి వేస్తారు. సీలు ఏం చేస్తుంది పాపం, జబ్బు దానిది కాదు.

పాత ఆయిలింజనులో చూస్తే తెలుస్తుంది

పొలాల్లో కరెంటు మోటార్లు రాకముందు నీళ్ళు తోడింది ఆయిలింజను. బావి గట్టున దాని దుగుదుగు శబ్దం విన్న పెద్దలు ఈనాటికీ ఉన్నారు. ఇంగ్లండులోని డర్స్‌లీ అనే ఊళ్ళో లిస్టరు కంపెనీ 1930 ప్రాంతం నుంచి తయారు చేసిన ఆ నమూనాకు తరువాత గుజరాత్‌లోని రాజ్‌కోట్ పుట్టినిల్లన్నంతగా పేరు వచ్చింది. దాని ఒంటి మీద చిన్న డిప్ప, ఆ డిప్పలో పలుచని రేకు ఉంటాయి. చాలామంది దాన్ని గమనించనే లేదు. బ్రీదరు చేసే పని కళ్ళతో చూడాలంటే అంతకంటే మంచి చోటు లేదు.

ఆ 6 గుర్రాల లిస్టరు ఇంజనుకు ఒకటే సిలిండరు. పిస్టను ఒకసారి క్రిందికి దిగితే సుమారు 1.4 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. అంటే క్రింది గదిలోని గాలిని అంత మేరకు నొక్కుతుంది. నిమిషానికి 650 చుట్లు తిరిగే ఇంజను అది. నిమిషానికి 650 సార్లు ఈ నొక్కుడు తప్పదు. పిస్టను దిగినప్పుడు రేకు లేచి గాలిని బయటికి వదులుతుంది. పిస్టను పైకి లేచేటప్పుడు టక్కున మూసుకుని బయటి గాలిని లోపలికి రానివ్వదు. అందువల్ల లోపల ఎప్పుడూ కొంచెం పీల్పు ఉంటుంది. పీల్పు ఉన్నచోట ఆయిలు బయటికి రావాలనుకున్నా రాదు. ఆ రేకు విరిగినా, జిడ్డుకు అంటుకుపోయినా క్రాంకు రెండు ప్రక్కలా ఆయిలు కారడం మొదలవుతుంది. తెలిసిన మేస్త్రీ ముందు రేకు చూసేవాడు. తెలియనివాడు ఇంజను విప్పేవాడు.

కారుకు సాధారణంగా మూడు, నాలుగు సిలిండర్లు. నాలుగు సిలిండర్ల ఇంజనులో రెండు పిస్టన్లు దిగుతుంటే రెండు లేస్తాయి కనుక నొక్కుడు సరికి సరి అయిపోతుంది. అయినా రింగుల సందున జారిన గాలి మాత్రం చేరుతూనే ఉంటుంది. దానికి దారి చూపవలసిందే.

అంబాసిడరు గొట్టం, లాస్ ఏంజలిస్ పొగ

అంబాసిడరు కారు తయారీ 2014లో ఆగిపోయింది గాని, దాని పాత ఇంజను విప్పినవారు జిల్లాలో తక్కువేమీ కాదు. ఇంజను ప్రక్కన ఉండే టాపెట్ కవరు నుంచి ఒక గొట్టం వంపు తిరిగి నేలవైపు దిగేది. కారు పరుగెడుతుంటే అడుగున వీచే గాలి ఆ గొట్టం మూతి దగ్గర పీల్పు కలిగించి లోపలి పొగను లాగేది. ప్రపంచమంతటా కార్లకు అప్పట్లో ఇదే పద్ధతి. ఇందులో చిక్కు ఒకటున్నది. కారు గంటకు 40 కిలోమీటర్ల వేగానికి అటూ ఇటూగా వస్తేగాని గొట్టం సరిగ్గా పీల్చదు. గేదెల మందల మధ్య, సంత రోడ్డున, గుంటల డొంకలో నెమ్మదిగా నడిచే కారుకు ఆ పీల్పు దక్కేది కాదు. అంటే పల్లెటూరి కారుకే ఇంజను త్వరగా బురద పట్టే యోగం. డ్రైవరు నెమ్మదిగా జాగ్రత్తగా నడిపాడన్న మాటే గాని ఇంజనుకు ఊపిరి అందలేదు.

ఈ పద్ధతికి స్వస్తి చెప్పించింది ఇంజను మీద జాలి కాదు, పట్నం మీది పొగ. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని లాస్ ఏంజలిస్ నగరాన్ని 1940 దశకం నుంచి కళ్ళు మండించే పొగమంచు కమ్ముతూ వచ్చింది. హాలెండులో పుట్టి అక్కడ స్థిరపడిన హాగెన్ స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త అంతవరకు అనాసపండు వాసన దేనివల్ల వస్తుందో పరిశోధిస్తున్నాడు. ఆయన ఈ పొగ సంగతి పట్టించుకుని, మండని పెట్రోలు ఆవిరి, నైట్రోజన్ వాయువులు ఎండలో కలిసి ఈ విషపు మంచు తయారవుతున్నదని 1950 దశకం మొదట్లో తేల్చాడు. కారు నుంచి వెలువడే ఆ మండని ఆవిరిలో సుమారు ఐదోవంతు సైలెన్సరు నుంచి కాక, ఈ బ్రీదరు గొట్టం నుంచే వస్తున్నదని తరువాత గ్రహించారు. దానితో గొట్టాన్ని నేలవైపు వదలడం మానిపించి, తిరిగి ఇంజను గాలి పీల్చే దారికే కలిపించారు. మధ్యలో చిన్న స్ప్రింగు వాల్వు ఒకటి పెట్టారు. 1961 నమూనా కార్లతో కాలిఫోర్నియాలోను, 1963 నమూనాలతో అమెరికా అంతటా ఇది అమలులోకి వచ్చింది. మోటారు వాహనాల కాలుష్యాన్ని అరికట్టడానికి కార్లకు బిగించిన మొట్టమొదటి సాధనం ఇదేనని చెప్పవచ్చు. షెడ్డులో దీన్ని పి.సి.వి. వాల్వు అంటారు.

వాల్వు మాత్రం అప్పుడు పుట్టినది కాదు. రెండవ ప్రపంచయుద్ధం నాటి విల్లీస్ జీపు ఇంజనుకే అటువంటిది ఉన్నది. దుమ్ములో, నీళ్ళలో దిగే బండికి నేలవైపు తెరిచిన గొట్టం పనికిరాదు కదా. ఆ జీపులనే 1947 నుంచి మహీంద్రా వారు మన దేశంలో బిగించి అమ్మారు. ఎన్నికల ప్రచారాల్లో, పెళ్ళిళ్ళలో, పొలం గట్ల మీద తిరిగిన జీపుల సంగతి ఎవరికి తెలియదు? కాని ఆ వాల్వు పాడైతే తీసివేసి, ఆ రంధ్రానికి బోల్టు బిగించి పంపడం చాలాచోట్ల రివాజు అయిపోయింది. బోల్టు బిగిస్తే బండి నడుస్తుంది, నిజమే. లోపల ఏం జరుగుతున్నదో సంవత్సరం తిరిగాక తెలుస్తుంది.

పెట్రోలు ఎక్కడ పోతుంది?

బ్రీదరు బాగుచేస్తే మైలేజి పెరుగుతుందా అన్నది అందరూ అడిగే ప్రశ్న. ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే, మంచి బ్రీదరు మైలేజిని కంపెనీ ఇచ్చినదానికి మించి పెంచదు. చెడిన బ్రీదరు మాత్రం మైలేజిని తినివేస్తుంది. తినే తీరు ఒకటి కాదు.

పెట్రోలు కారులో వాల్వు తెరుచుకున్న స్థితిలోనే అంటుకుపోయిందనుకోండి. ఇంజను నెమ్మదిగా ఆడుతున్నప్పుడు అవసరానికి మించి గాలి దూరుతుంది. మిశ్రమం పలచబడుతుంది. ఇంజను గుడగుడలాడి ఆగిపోతూ ఉంటుంది. గొట్టం చీలినా ఇదే ఫలితం. అసలు కారణం తెలియని చేయి వెంటనే కార్బురేటరు స్క్రూ మీద పడుతుంది. పెట్రోలు పెంచి సరిచేస్తారు. ఇంజను నిలకడగా ఆడుతుంది, యజమాని సంతోషిస్తాడు, ఆనాటి నుంచి పెట్రోలు ఖర్చూ పెరుగుతుంది. కార్బురేటరు లేని నేటి కార్లలో ఆ స్క్రూ త్రిప్పే పని కంప్యూటరు చేస్తుంది. అదీ అంతే, గాలి ఎక్కువ వస్తే పెట్రోలు ఎక్కువ పోస్తుంది. సర్దలేని స్థితి వస్తే డాష్‌బోర్డు మీద ఇంజను దీపం వెలిగిస్తుంది.

వాల్వు మూసుకుపోతే కథ మరొక దారి పడుతుంది. వాల్వు దారిన రావలసిన గాలి రాదు కనుక నెమ్మదిగా ఆడేటప్పుడు మిశ్రమం చిక్కబడుతుంది. అంతకంటే పెద్ద నష్టం నిదానంగా జరుగుతుంది. మండని పెట్రోలు బయటికి పోలేక ఆయిలులో కలుస్తుంది. ఆయిలు పలచనై, గేజి తీసి వాసన చూస్తే పెట్రోలు కంపు కొడుతుంది. నీరు, మసి కలిసి బురద కడుతుంది. ఆ బురద పిస్టను గాడుల్లో చేరి రింగులను బిగదీస్తుంది. బిగుసుకున్న రింగు సిలిండరు గోడను తాకదు. అప్పుడు కంప్రెషను పడిపోతుంది, లాగుడు తగ్గుతుంది, అదే దూరానికి యాక్సిలేటరు ఎక్కువ తొక్కవలసి వస్తుంది. రింగులు చెడితే గాలి ఇంకా ఎక్కువ జారుతుంది, గాలి ఎక్కువైతే బురద ఇంకా ఎక్కువ. ఈ దశకు వచ్చాక మేస్త్రీ చెప్పిన బోరు మాట నిజమే అవుతుంది. మొదట్లో గొట్టం శుభ్రం చేసి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు.

కొందరు బ్రీదరు గొట్టానికి మధ్యలో చిన్న డబ్బా బిగించి, మైలేజి పెరుగుతుందని చెప్పి అమ్ముతారు. ఆయిలు తుంపరను అందులో పట్టి ఉంచడం వరకు అది పనిచేస్తుంది. మైలేజి మాట నమ్మి డబ్బు పెట్టనక్కరలేదు.

ఇంటి దగ్గరే చూసుకోవచ్చు

ఇంజను వేడెక్కిన తరువాత నెమ్మదిగా ఆడనిచ్చి ఆయిలు పోసే మూత తీయాలి. పంచె కొంగు, తువ్వాలు ఫ్యాను బెల్టుకు దూరంగా ఉండాలి. కొన్ని ఇంజన్లు ఆయిలు చిమ్ముతాయి కనుక ముఖం వంచి చూడరాదు. మూతను బోర్లించి రంధ్రం మీద ఊరికే పెట్టాలి. కొద్దిగా అదిరితే భయం లేదు. ఎగిరి ప్రక్కకు పడితే, పొగ బుస్సుబుస్సున వస్తుంటే లోపల ఒత్తిడి ఉన్నదన్న మాట. ఈ ఒత్తిడి రింగుల వల్లనా, బ్రీదరు వల్లనా అన్నది తరువాత తేల్చాలి.

అందుకు ముందుగా గొట్టం ఊడదీసి చూడాలి. మడతపడినదా, నొక్కుకున్నదా, లోపల జిడ్డు గడ్డకట్టినదా? కిరసనాయిలుతో కడిగి ఆరబెట్టి, అవతలి కొస నుంచి గాలి ఊది చూడాలి. బ్రీదరు డిప్పలో తీగ జాలీ ఉంటే దాన్నీ కిరసనాయిలులో నానబెట్టి కడగాలి. పి.సి.వి. వాల్వు ఉంటే తీసి చెవి దగ్గర ఆడించాలి. మామూలు స్ప్రింగు వాల్వయితే లోపల టకటక వినిపించాలి. వినిపించకపోతే అంటుకుపోయిందని అర్థం. ఇంజను ఆడుతుండగా వాల్వు మూతికి బొటనవేలు అడ్డం పెడితే వేలును పీల్చాలి. వాల్వు పాడైతే కడిగి వాడే కంటే కొత్తది వేయడం మేలు. దానికయ్యేది వందల్లోనే.

అంతా శుభ్రం చేసి, కారిన జిడ్డు తుడిచి, నాలుగు రోజులు నడిపి చూడాలి. కారడం ఆగితే ఇంజను బ్రతికిపోయింది. పొగ, ఒత్తిడి అలాగే ఉంటే అప్పుడు కంప్రెషను గేజి పెట్టించాలి. పెట్రోలు ఇంజనుకైతే ప్లగ్గు రంధ్రంలో చెంచాడు ఆయిలు పోసి మళ్ళీ కొలిపిస్తే రహస్యం బయటపడుతుంది. ముల్లు పైకి లేస్తే రింగులు, బోరు అరిగినట్టు. లేవకపోతే జబ్బు పైనున్న వాల్వులదో, హెడ్డు ప్యాకింగుదో. ఆ రెండింటికీ బోరు అక్కరలేదు. డీజిలు ఇంజనులో మాత్రం ఈ ఆయిలు పోసే పరీక్ష సొంతంగా చేయరాదు. మూత అడుగున తెల్లని మీగడ కనిపిస్తే రోజూ కిలోమీటరు రెండు కిలోమీటర్లే నడిచే బండేమో చూసుకోవాలి. ఇంజను పూర్తిగా వేడెక్కకపోతే నీరు ఆవిరై పోదు. దూరం తిరిగే బండిలోనూ మీగడ కడుతుంటే, రేడియేటరు నీళ్ళు తరుగుతుంటే, హెడ్డు ప్యాకింగు చూపించక తప్పదు.

ఆయిలు గేజిలో పై గీతకు మించి పోసినా బ్రీదరు ఆయిలు కక్కుతుంది. "ఎక్కువుంటే మంచిదే" అని అరలీటరు అదనంగా పోసేవారు చాలామంది. ఎక్కువైన ఆయిలును తిరిగే క్రాంకు చిలుకుతుంది, నురుగు గొట్టం దారి పడుతుంది.

చేయకూడని పని

బ్రీదరు నుంచి పొగ వస్తున్నదని, ఆయిలు చుక్కలు సామాన్ల మీద పడుతున్నాయని గొట్టంలో గుడ్డ కుక్కేవారు ఉన్నారు. కర్ర బిరడా కొట్టినవారూ కద్దు. రింగులు నిజంగా అరిగిన ఇంజనుకు ఇంతకంటే అపకారం లేదు. పొగ ఆగదు, దారి మార్చుకుంటుంది. క్రాంకు వెనుక సీలు తెగి ఆయిలు క్లచ్చు ప్లేట్ల మీద పడితే ఇంజను పనికి క్లచ్చు పని తోడవుతుంది.

డీజిలు బండికి ఇంకొక ప్రమాదం ఉన్నది. బ్రీదరు గొట్టాన్ని ఎయిర్ క్లీనరు దారికి కలిపిన డీజిలు ఇంజనులో, రింగులు బాగా అరిగితే ఆయిలు తుంపర పెద్దఎత్తున గాలితోపాటు సిలిండర్లలోకి పోతుంది. డీజిలు ఇంజనుకు ఆయిలు కూడా ఇంధనమే. అప్పుడు తాళం తీసినా, డీజిలు ఆపినా ఇంజను ఆగదు. వేగం తనంతట తాను పెరుగుతూ పోతుంది, తెల్లని, నీలి పొగ కమ్ముతుంది. చివరికి ఇంజను బద్దలైనా ఆశ్చర్యం లేదు. అటువంటప్పుడు డ్రైవరు సీటులోనే ఉంటే బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, పెద్ద గేరు వేసి క్లచ్చు వదిలి ఇంజనును ఆర్పాలి. గాలి పీల్చే మూతిని పలక వంటి గట్టి వస్తువుతో మూసినా ఆగుతుంది. చెయ్యి, గుడ్డ పెట్టరాదు, లాగేసుకుంటుంది. సాధ్యం కాకపోతే మనుషులను దూరంగా పంపడమే క్షేమం. ఎయిర్ క్లీనరు లోపల ఆయిలు మడుగు కట్టడం దీనికి ముందస్తు హెచ్చరిక.

నెలల తరబడి కదలక షెడ్డులో ఉండే బండ్లు, ట్రాక్టర్లు, ఆయిలింజన్ల విషయంలో మరొక సంగతి. కోతలయ్యాక మూలన పెట్టిన ఇంజను బ్రీదరు గొట్టంలో కందిరీగలు మట్టి గూడు కట్టవచ్చు. కళ్ళంలో ధాన్యం తూర్పార పట్టేటప్పుడు లేచే పొట్టు, దుమ్ము కూడా జిడ్డు గొట్టం మూతికి పట్టి గట్టిపడుతుంది. బండిని పెట్టే ముందు గొట్టం మూతికి పలుచని గుడ్డ కట్టి, ఆ సంగతి గుర్తుండేలా స్టీరింగుకు ఒక దారం ముడివేసుకోవాలి. మళ్ళీ స్టార్టు చేసే రోజున ముందు దారం, తరువాత గుడ్డ విప్పి, గొట్టంలో సన్నని పుల్ల పెట్టి చూసి, ఆ తరువాతే తాళం త్రిప్పాలి.